నొసటి రూపాయి

పోయిన వారం నేనూ నా మనవరాలూ ప్రొద్దుటూరులో వెండి అంగడికి పోయింటిమి. వెండి ధర కొండెక్కి కూర్చుందని ఎవరి నోట విన్నా అదే మాట గదా. మా తమ్ముడు తన చిన్నప్పటి కాలి కడియం పాత పెట్టెలో నుంచి తీసి నా చేతికిచ్చినాడు. "అక్కా, నా మోకాళ్ళు నా మాట వినవు. నువ్వే పోయి దీన్ని కరిగించి నా మునిమనవరాలికి గజ్జెలు చేయించుకోని రా" అన్నాడు. వానికి డెబ్బై దగ్గర పడతాండాయి. నా కంటికి మాత్రం ఆ కడియం ఈడ్చుకుంటా పాకే బుడ్డోడే.

అంగట్లో ఇప్పుడు గీటురాయి లేదు. డబ్బా మాదిరి మిషనుంది. దాని ముందర కూర్చున్న పాప కడియాన్ని దాంట్లో పెట్టి మూత వేస్తే అద్దంలో అంకెలు పడతాయి. "మంచి వెండి అవ్వా, నూటికి తొంభై ఒకటి పైనే ఉంది. పాత రూపాయలు కరిగించి చేసింటారు" అనింది. తిప్పి ఇంకో చోట పెట్టింది, అదే అంకె. నాలుగు చోట్లా అదే. ఐదో చోట మాత్రం ఆ పాప మొగం చిట్లించుకునింది. "ఈడ సగమే చూపిస్తాంది. అతుకు కాడ టంకం వేసింటార్లే" అనింది.

ఆ కడియానికి అతుకు లేదు. కడ్డీని సాగగొట్టి వంచేటప్పుడు నేను ఎదురుగా కూర్చోనింటి.

మా ఊరు ఇప్పుడు లేదు. గండికోట నీళ్ళ కింద ఉంది. అప్పుడు పెన్నేటి గట్టున, జమ్మలమడుగుకు బండి దోవలో, అరవై డెబ్బై ఇండ్ల ఊరు. ఇంటినిండా కడప బండలు పరిచింటారు. ఎండాకాలం ఆ బండల మీద నీళ్ళు చల్లుకోని, తడి ఆరకముందే పడుకుంటే ఆ చల్లదనం వీపుకెక్కేది. పొయ్యి మీద రాగి సంగటి ఉడికే వాసన, పక్కన రోట్లో ఊరిబిండి నూరే వాసన, ఇవి గాక మా ఇంటికి ఇంకో వాసన ఉండేది. వామూ, వసా, ఆముదమూ. కాన్పుల వాసన. మా జేజి, అంటే మా నాయనను కన్న తల్లి, చేతివాసి మంచిదని చుట్టూ నాలుగూర్లోళ్ళు కాన్పులకు పిలిచేవాళ్ళు. ఆమె బయటేసిన బిడ్డలు లెక్కలేదు, అందరూ గుండ్రాళ్ళ మాదిరి ఉండిరి. మా ఇంట్లో మాత్రం నా తర్వాత పుట్టిన ముగ్గురు తమ్ముళ్ళూ నడక రాకముందే పోయినారు. "ఊరందరికీ మంచిదైన చెయ్యి ఇంటికి ఎందుకు మంచిది కాకపాయె" అని ఊరు అననే అనింది. జేజి చెవిన కూడా పడింది. ఆ పొద్దు ఆమె సంగటి ముద్ద ముట్టలేదు.

నాలుగోవాడు పుట్టినప్పుడు నాకు తొమ్మిదేండ్లు. కొత్త పైసలు వచ్చిండాయి గానీ అణాలు ఇంకా పోలేదు, అంగట్లో రెండిటికీ తగువు పడతాండ్రి. వాడు పుట్టిన కాడి నుంచి పిట్ట మాదిరి. ఎత్తుకుంటే చేతిలో బరువే తెలిసేది కాదు.

జేజి నడుముకు వక్కాకు తిత్తి ఉండేది. దాంట్లో రెండరలు. ఒక అరలో వక్కలూ సున్నం డబ్బీ. రెండో అర నన్ను తాకనిచ్చేది కాదు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం మాయమ్మ బుడ్డోన్ని జోలెలో వేసి చేనుకు పోయిన తర్వాత జేజి నన్ను పిలిచింది. ఆ అరలో నుంచి గుడ్డ ముడి విప్పి రూపాయి తీసింది. రాణి బొమ్మ రూపాయి. పొగాకూ లవంగమూ కలిసిన వాసనొచ్చింది. "ఇది మాయమ్మ నాకిచ్చింది. నా నొసటి రూపాయి" అనింది.

నొసటి రూపాయంటే ఏందో నాకు తెలుసు. ఊర్లో ఎవరన్నా పోతే నొసట పసుపు ముద్ద పెట్టి దాని మీద రూపాయి అతికిస్తారు. గుంత కాడ దాన్ని తీసి గుంత తవ్వినాయనకు ఇస్తారు. నేనేం మాట్లాడకముందే జేజి నులకమంచం మీద వెల్లకిలా పడుకునింది. రెండు కాళ్ళ బొటనవేళ్ళూ దగ్గరికి చేర్చింది. రూపాయి నొసట పెట్టుకోని కండ్లు మూసింది.

"ఎట్లుంది పాపా?" అనింది.

"లెయ్ జేజీ" అన్నా.

లేయలేదు. ఊపిరి కూడా బిగబట్టింది. ఒక ఈగొచ్చి రూపాయి మీద, రాణి చెంప మీద వాలింది. జేజి రెప్ప కదపలేదు. జోలెలో బుడ్డోడు అంతవరకూ ఉంగా ఉంగా అంటా ఉన్నోడు గమ్మునైపోయినాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నట్టు అనిపించింది. "లెయ్ జేజీ" అని ఏడ్చినా. అప్పుడు ఒక కన్ను తెరిచి నవ్వింది.

"మీయమ్మకు మతిమరుపు. నువ్వు మర్చిపోవు, అందుకని నీకు చూపించినా. నేను పోతే వెతికే పన్లేదు, ఈ అరలో ఉంటాది. దుడ్లు లేకుండా పోయినోళ్ళను దోవలో నిలేస్తారంట. సత్తు రూపాయితో పోతే మోసమని ఇంకా గట్టిగా నిలేస్తారంట." లేచి కూర్చుంటే ఆమె నొసట గుండ్రంగా ముద్ర పడింది. సందేళ దాకా పోలేదు, నేను ఆమె పక్క చూడలేదు.

ఆ తర్వాత బుడ్డోనికి దగ్గు పట్టుకునింది. ముందు ముగ్గురికీ అట్లే మొదలైంది. మాయమ్మ పాలిస్తా ఇస్తా గోడకు చేరగిలబడి ఏడుస్తాంటే జేజి ఒక తీర్మానానికి వచ్చింది. తొలిచూలు బిడ్డ బతికిన తల్లులు ఐదిండ్లల్లో తలా ఒక వెండి రూపాయి ఇవ్వాల. ఊరక అడక్కూడదు, దుడ్లిచ్చి కొనకూడదు. సోలెడు తవుడిచ్చి తీసుకోవాల. ఐదు రూపాయలూ కరిగించి ఒకే కాలికి ఒకే కడియం వేయాల. ఐదు తులాల కడియం ఇంత పసిబిడ్డకు ఎక్కువ గదా అని మా నాయన అంటే జేజి ఇట్లనింది: "బరువు కావల్సిందే అప్పా. తేలిగ్గా ఉండేదాన్ని సుళువుగా ఎత్తకపోతారు."

ఎవరు ఎత్తకపోతారని అడిగే ధైర్యం మాకు ఎవురికీ లేకపోయింది.

తవుడు మూట నా నెత్తిన, జేజి ముందర. నాలుగూర్లు తిరిగినాం. కొందరు రూపాయి తెచ్చి చేతిలో పెట్టి కండ్లొత్తుకునిరి. ఒకామె మాత్రం, "సోలెడు తవుడుకు రూపాయా పెద్దమ్మా, మా బర్రె వింటే నవ్వుతాది" అని ఎగతాళి చేసి, అయినా ఇచ్చింది. ఒక ఇంట్లో నాకు బొరుగులూ బెల్లమూ పెట్టిరి. నాలుగు రూపాయలు చేరినాయి. ప్రతి రూపాయీ ఇంటికొచ్చినాక జేజి జోలె కింద బండ మీద పడేసేది. ఖంగుమని మోగి, ఆ మోత సన్నగా సాగి సాగి ఆరిపోయేది. బుడ్డోడు దగ్గు ఆపి తల తిప్పేవాడు. "విన్నాడు" అనేది జేజి. ఒక్కో ఇంటి రూపాయికి ఒక్కో గొంతుందని చెప్పేది. నాకైతే అన్నీ ఒకటే.

ఐదోది జమ్మలమడుగులో ఒక దూదేకులామె ఇచ్చింది. దూది దుమ్ముతో రెప్పలు తెల్లగా ఉండె ఆమెకు. "నా పెద్దోన్ని బయటేసింది నీ చెయ్యే గదా, రూపాయేంది నువ్వడిగితే" అని ట్రంకు పెట్టె అడుగు నుంచి బోడితల రాజు రూపాయి తీసిచ్చింది. కిరీటం లేని రాజని దానికి ఆ పేరు. మేలైన రూపాయి. జేజి ఆ వాకిట్లోనే బండ మీద మోగించి తల ఊపింది. ఆడ నుంచే బస్సెక్కి ప్రొద్దుటూరు చేరినాం, ఆచారి దగ్గరికి.

ఇప్పుడు నా సంగతి చెప్పాల. చెప్పకుండా ఇన్నేండ్లు మోసినా.

ప్రొద్దుటూరులో దిగినాక జేజి కాళ్ళు కడుక్కోని గుడికి పోయొస్తానని, రూపాయల మూట నా ఒళ్ళో పెట్టి, అరుగు మీద కూర్చోబెట్టింది. "కదలద్దు" అనింది. కదల్లేదు, నిజమే. కదిలొచ్చింది ఐసు బండి. ఎర్ర ఐసు పుల్ల నేను అంతవరకూ కంటితో చూడలేదు. ఎండకు పొగలు కక్కుతా ఉండె. మూట విప్పి చూసుకున్నా, రూపాయలున్నాయి, చిల్లర లేదు. పక్కన గుడ్డ పరుచుకోని పాత రూపాయలు కొనే మనిషి ఒకడు నన్నే చూస్తా ఉన్నాడు.

"పాపా, ఆ బోడితల రాజును ఇస్తావా? నీకు ఇంకో రూపాయిస్తా, కిరీటం ఉన్న రాజును. పైన ఆరణాలిస్తా."

నేను రెండూ చూసినా. అదే సైజు, అదే తెలుపు, దీనికి కిరీటం కూడా ఉంది. రూపాయికి రూపాయి పోయె, ఆరణాలు మిగిలె. దీంట్లో నష్టమేముందో తొమ్మిదేండ్ల బుర్రకు యాడ తెలుస్తాది? ఇచ్చేసినా. ఐసు పుల్ల తిన్నా, ఇంకొకటి తిన్నా. మిగిలిన చిల్లర పావడా అంచులో ముడేసుకున్నా. అంత చల్లటిది, అంత తియ్యటిది మళ్ళీ జన్మలో తినలేదు.

ఆచారిది ఇరుకు కొట్టు. బొగ్గు వాసన, చింతపండు వాసన, కొలిమి ముందర నున్నగా అరిగిన నల్ల బండ. ముసలాయనకు చూపు మందగించింది, చెవుల మీద వ్యాపారం చేస్తాండె. మూట విప్పి ఒక్కో రూపాయీ బండ మీద విడిచినాడు. ఒకటి, ఖంగ్. రెండు, ఖంగ్. మూడూ నాలుగూ అంతే. ఐదోది పడింది. టప్ అనింది. అంతే, మోత లేదు. పెంకు పడినట్టు పడింది.

ఆయన మళ్ళీ విడిచినాడు. టప్.

"అమ్మా, ఇది యుద్ధం నాటి రూపాయి" అన్నాడు. "పాతవాట్లో పన్నెండు పాళ్ళల్లో పదకొండు పాళ్ళు వెండి. యుద్ధమొచ్చినాక సగానికి సగం చేసినారు. ఆ తర్వాత వెండే లేదు, ఉత్త నికిలు. అంచు తడిమి చూడు, నడుమ గాడి తగులుతాది. అదే గుర్తు. దీన్ని కలిపితే కడియం నల్లబడతాది."

జేజి రూపాయి తీసుకోని అంచు తడిమింది. తర్వాత నా పక్క తిరిగింది. "యాడన్నా చెయ్యి జారిందా పాపా?" అని అడిగింది, శానా మెల్లగా.

"లేదు జేజీ" అన్నా.

ఆ మాటకు నోరు తెరిచినా గదా, నా నాలుక చూసింది. ఎర్రగా ఉంది. ఆమె చూసిందని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకు తెలుసు. ఒక దెబ్బ వేసింటే నా బతుకు వేరేగా ఉండునేమో. వేయలేదు. "పాపం దూదేకులామెను ఎవరో మోసం చేసింటారులే" అని ఆచారితో అని, తిత్తిలో రెండో అర తెరిచింది. గుడ్డ ముడి విప్పింది.

"ఇది నా పుట్టింటిది ఆచారప్పా. మాయమ్మకు తొలిచూలును నేనే. నేను బతికినా గదా, ఐదో ఇంటి కింద చెల్లుతాది."

రాణి రూపాయి బండ మీద పడి ఎంత సేపు మోగిందో చెప్పలేను. కొలిమి ఊదే మనిషి కూడా తిత్తి ఆపి విన్నాడు. ఆచారి ఐదింటినీ మూసలో వేసినాడు. నాలుగు కరిగి ముద్దైనా రాణి మొగం మాత్రం కొంచెంసేపు అట్లే పైన నిలబడింది, నా పక్కే చూస్తా. తర్వాత అదీ కుంగిపోయింది. కడ్డీ పోసి, సాగగొట్టి, వంచి కడియం చేసిచ్చినాడు. యుద్ధం రూపాయిని జేజి గుడ్డలో ముడేసి, ఖాళీ అయిన అరలో పెట్టుకునింది. బస్సులో నేను ఆమె ఒళ్ళో తల పెట్టుకుంటే నా జుట్టు సర్దింది. 

కడియం వేసిన వారానికి బుడ్డోని దగ్గు తగ్గింది. బరువుకు మొదట్లో కాలు లేపలేకపోయినాడు, తర్వాత లేపి బండకేసి కొట్టడం నేర్చినాడు. మాయమ్మ మొగంలో నవ్వు చూసినాం. చెనిక్కాయలు పీకే కాలానికి వాడు పాకుతాండె.

ఆ చెనిక్కాయల కాలంలోనే జేజి పోయింది. పక్కూర్లో కాన్పు చేసొచ్చి, కాళ్ళు కడుక్కోని, "కొంచెం నడుం వాలుస్తా" అని అదే నులకమంచం మీద వెల్లకిలా పడుకునింది. నేను ఆటకు పోయొచ్చి చూస్తే రెండు బొటనవేళ్ళూ దగ్గరికి చేర్చింది. "లెయ్ జేజీ, ఆటలాడద్దు" అన్నా. ఈసారి కన్ను తెరవలేదు.

అందరూ రూపాయికి వెతికిరి. ఇంట్లో కాయితం రూపాయలుండె, కొత్త పైసలుండె. మాయమ్మే తిత్తి తెరిచి గుడ్డ ముడి విప్పింది. "ఇదో, ఆమే పెట్టుకునింది" అనింది. మా నాయనకు ఏమర్థమైందో ఏమో, "ఏ రూపాయైతే ఏముంది" అన్నాడు. పసుపు ముద్ద పెట్టి అతికించిరి. జారిపోయింది. ఇంకొంచెం పసుపు పెట్టిరి. మళ్ళీ జారింది. "ఎండకు పసుపు ఆరిపోతాంది" అని ఒక పెద్దామె నీళ్ళు కలిపింది. మూడోసారి రూపాయి నొసట మీద నుంచి చెంప మీదికొచ్చి, మంచం దిగి, బండల మీద నిలువుగా దొర్లుకుంటా ఆడోళ్ళ మధ్యలో నుంచి వచ్చి నా కాళ్ళ కాడ పడింది. టప్.

నేనే తీసుకోని నేనే పెట్టినా. పెట్టి వేలితో అదిమి పట్టుకున్నా. పాడె లేపే దాకా వేలు తీయలేదు. జేజి నొసలు నా వేలి కింద అప్పటికింకా వెచ్చగానే ఉండె, రూపాయి మాత్రం ఐసు మాదిరి ఉండె. "ఈ పిల్లకు జేజంటే ఎంత ప్రేమో" అని ఆడోళ్ళు ఏడ్చిరి. నేను ఎందుకు పట్టుకున్నానో ఒకరికీ తెలియదు.

గుంత కాడ తవ్వినాయన రూపాయి తీసుకోని గడ్డపార మీద మోగించి చూసినాడంట. "ఇది పలకదు రెడ్డీ, నాకొద్దు" అని మా నాయన చేతికే ఇచ్చినాడు. మా నాయన బదులు కాయితం రూపాయిచ్చి, దీన్ని తెచ్చి గూట్లో పడేసినాడు.

ఆ తర్వాత మిట్టమధ్యాహ్నాలు మొదలైనాయి. ఊరంతా చేన్లల్లో ఉంటాది. ఇంట్లో నేనూ, జోలెలో తమ్ముడూ. జోలె కింద బండ మీద టప్ అనేది. పోయి చూస్తే ఏమీ ఉండదు, రూపాయి గూట్లోనే ఉంటాది. వాడు మాత్రం తల తిప్పి, వాకిలి పక్క చూసి, కడియం కాలెత్తి కిలకిల నవ్వేవాడు. ఎవరన్నా తెలిసినోళ్ళు వచ్చినట్టు. ఒకనాడు మాయమ్మ కూడా విని, "ఎవురూ?" అని లోపల నుంచి అడిగింది. పొగాకు వాసనొచ్చింది, లవంగం వాసనొచ్చింది. ఆ పొద్దు రూపాయి గూట్లో లేదు. జోలె కింద బండ మీదుంది. మాయమ్మ ఎలుక పడేసిందని అనింది గానీ, దాన్ని పెన్నేట్లో పారేసి రమ్మని నాకిచ్చింది.

పారేయలేకపోయినా. దోవలో నిలేసింటారు గదా మా జేజిని. సత్తు రూపాయని, మోసమని. దాన్ని కూడా ఏట్లో పారేస్తే ఆమె చేతిలో ఇంకేముంటాది? నా దగ్గరే దాచుకున్నా. చప్పుడు ఆ ఇంట్లో ఆగిపోయింది. పెండ్లయి అదే ఊర్లో నేను పోయిన ఇంటికి నాతో వచ్చింది. ఏడాదికి ఒకసారో రెండుసార్లో, పట్టపగలు, ఎవురూ లేనప్పుడు. నాకిప్పుడు భయం లేదు. విని, ఊ అంటా.

ఊర్లోకి నీళ్ళొచ్చిన ఏడాది అందరం సామాన్లు ఎత్తుకోని గవర్మెంటోళ్ళు ఇచ్చిన కాలనీకి వచ్చేసినాం. జేజి ఆడనే ఉండిపోయింది.

వెండంగట్లో మిషను సగమని చూపించిన చోట నేను వేలు పెట్టి చూసినా. బయట ఎండ మండిపోతాంటే ఆడ మాత్రం చల్లగా ఉంది. జేజి తన రూపాయి తాను వెనక్కి తీసుకునిందా? తీసుకునింటే, ఆ వెండి నా నడుము తిత్తిలో ఉన్న యుద్ధం రూపాయిలోకి వచ్చిందా?

"ఇంకేమన్నా ఉందా అవ్వా, చూసిస్తా?" అనింది అంగడి పాప.

నా తిత్తిలో ఆ రూపాయుంది. తీసి మిషన్లో పెడితే ఒక్క గడియలో తెలిసిపోతాది. సగమే అని వస్తే జేజి ఇంకా దోవలో నిలబడే ఉన్నట్టు. తొంభై ఒకటని వస్తే ఆమె వచ్చి మార్చుకోని దోవ దాటిపోయినట్టు. రెండిట్లో ఏదొచ్చినా ఓర్చుకునే గుండె నాకు లేదు.

"లేదు పాపా" అన్నా. ఆ పొద్దు చెప్పిన అబద్ధమే, అదే నోటితో.

కడియం కరిగించకుండా వెనక్కి తెచ్చి తమ్మునికిచ్చేసినా. వాడు సణిగినాడు, సణగనీ. ఇంటికొచ్చి మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకోని తిత్తిలో రెండో అర చూపించినా. "నేను పోతే ఇది నొసట పెట్టండి. జారితే నువ్వు వేలితో పట్టుకో" అన్నా. ఆ పిల్ల అంచు తడిమి, నడుమ గాడుందే అనింది. ఇంతకంటే మంచి రూపాయి తెస్తాలే అవ్వా, అనింది.

వద్దన్నా. మంచి రూపాయైతే నన్ను దోవలో ఎవురూ నిలేయరు. నేరుగా దాటిపోతా. నన్ను నిలేయాల. జేజి నిలబడిన చోటే నిలేయాల. ఆమె నా నాలుక పక్క చూసి మళ్ళీ అదే మాట అడిగితే, ఈసారి చెప్తా. అవును జేజీ, చెయ్యి జారింది.